మర్యాద అనగా హద్దు: సబ్బినాటి నేలపై శిష్టాచార చరిత్ర

మనము నిత్యము వాడు మాటలలో 'మర్యాద' ఒకటి. అతిథికి మర్యాద చేయుట, పెళ్లివారి మర్యాదలు, మర్యాదగా మాటలాడుట అని పలువిధముల వాడుదుము. సంస్కృతమున ఈ పదమునకు మొదటి అర్థము హద్దు. పొలిమేర మర్యాద, సముద్రపు చెలియలికట్ట మర్యాద. సముద్రుడు తన గట్టును దాటకుండుటయే అతని గాంభీర్యమునకు గురుతని కవులు వర్ణించిరి. శ్రీరాముని మర్యాదాపురుషోత్తముడనుటలోను ఈ భావమే యున్నది. సర్వశక్తి కలిగియు హద్దు మీరనివాడు అతడు. జమ్మికుంటకు చేరువనున్న ఇల్లందకుంట రామాలయమున ప్రతి సంవత్సరము శ్రీరామనవమికి కల్యాణము తిలకించు భక్తులు ఆ పేరును ఎన్నిసార్లో తలచియుందురు.

ఈ కుటుంబమునకు చెందిన మాటలు మరికొన్ని కలవు. సభలో కూర్చుండుటకు తగినవాడు సభ్యుడు, అతని నడవడి సభ్యత. చక్కగా నడిపింపబడుట వినయము. శాసింపబడినవాడు, అనగా శిక్షణ పొందినవాడు, శిష్టుడు. అతని నడత శిష్టాచారము. బరువునకు గౌరవమని పేరు. ఎదుటివాని బరువును గుర్తించుటయే అతనిని గౌరవించుట. ఈ పదములన్నియు ఒక్క విషయమునే సూచించుచున్నవి. మంచి నడవడి పైపూత కాదు, మనిషి తన్ను తాను హద్దులో నిలుపుకొని ఎదుటివానికి చోటిచ్చుట.

అయితే జిజ్ఞాసువునకు ఇచట ఒక సందేహము కలుగును. హద్దు గీయువారెవరు? లోకము మెచ్చినదెల్ల సదాచారమగునా? లోకము మెచ్చినను అంతరాత్మ ఒప్పని నడత యెదురైనపుడు సాధకుడేమి చేయవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. నేటి కరీంనగరు ప్రాంతమునకు పూర్వము సబ్బినాడని పేరు. ఆ నేలమీదనే వేయి సంవత్సరములుగా ఈ విచారము సాగినది.

వేములవాడలో ఒక జైనాచార్యుడు

10వ శతాబ్దిలో వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులుగా ఈ ప్రాంతము నేలిరి. కన్నడ ఆదికవి పంపడు ఈ వంశమునకు చెందిన రెండవ అరికేసరి ఆస్థానమున నుండెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల సమీపమున బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలిసియున్నవి. తెలుగున కందపద్యములు కనబడు తొలినాటి శాసనములలో అది ముఖ్యమైనది. మూడు భాషలను ఒక్క శిలపై నిలుపుటలోనే ఒక మర్యాద యున్నది. చదువరి ఏ భాషవాడైనను అతనికి అందు చోటున్నది.

ఈ రాజవంశమే సోమదేవసూరి యను జైనాచార్యుని ఆదరించెను. బద్దెగరాజు వేములవాడలో నిర్మించిన శుభధామ జినాలయమునకై మూడవ అరికేసరి 966వ సంవత్సరమున ఆ ఆచార్యునికి ఒక గ్రామమును దానమిచ్చినట్లు పర్భణీ తామ్రశాసనము తెలుపుచున్నది. సోమదేవుడు 'నీతివాక్యామృతము' రచించెను. అందు ముప్పదిరెండు సముద్దేశములు కలవు. రాజు, మంత్రి, దుర్గము, కోశము, యుద్ధము మొదలగు విషయముల నడుమ దినచర్యకు ఒకటి, సదాచారమునకు ఒకటి ప్రత్యేకముగా కేటాయింపబడినవి. అనగా ఆయన దృష్టిలో రాజ్యాంగమునకు కోట యెంత అవసరమో, కోటలోని మనిషి నడవడియు అంతే అవసరము.

959లో ముగిసిన తన 'యశస్తిలకము'న సోమదేవుడు మన ప్రశ్నకు నేరుగా సమాధానమిచ్చెను. గృహస్థునకు ధర్మము రెండు విధములు: ఒకటి లౌకికము, ఒకటి పారలౌకికము. లౌకికమునకు లోకమే ఆధారము, పారలౌకికమునకు ఆగమము ఆధారము. లోకాచారమునంతటిని జైనుడు అంగీకరింపవచ్చును. కాని రెండు నియమములు. ఆ ఆచారము వలన తన సమ్యగ్దృష్టికి హాని కలుగరాదు, తన వ్రతమునకు మచ్చ రారాదు.

ఈ సూత్రము ఎంత సూక్ష్మమైనదో గమనింపుడు. వైదికులు, జైనులు, శైవులు ఇరుగుపొరుగున నివసించు పట్టణములో ఒక అల్పసంఖ్యాక మతమునకు చెందిన ఆచార్యుడు పలికిన మాట ఇది. లోకముతో తగవులాడుట అతని ధ్యేయము కాదు. లోకములో కరగిపోవుటయు కాదు. పెండ్లికి ఎట్లు పిలువవలెను, పెద్దలకు ఎట్లు నమస్కరింపవలెను, వీథిలో ఎవరికి దారి ఈయవలెను అను విషయములలో ఊరు నడచునట్లే నడువుము. నీ చూపు మసకబారు చోట మాత్రము ఆగుము. శిష్టాచారమునకు లోపలి హద్దు అది.

దేశమును బట్టి ఆచారము, గుణమును బట్టి శిష్టుడు

ఆచారములు దేశమును బట్టి మారునని మన ధర్మసూత్రకారులకు చక్కగా తెలియును. బౌధాయనుడు దక్షిణదేశమున మాత్రమే కనబడు అయిదు ఆచారములను, ఉత్తరదేశమున మాత్రమే కనబడు అయిదు ఆచారములను లెక్కించి చూపెను. దక్షిణాచారములలో మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లియాడుట యొకటి. మేనరికము మన తెలుగుండ్లలో నేటికిని వినబడు మాటయే. ఒక దేశపు ఆచారమును మరియొక దేశమున పాటించినచో దోషము, ఆయా దేశములందు ఆ దేశాచారమే ప్రమాణమని అతడు పలికి, గౌతముడు దీని నొప్పుకొనడని గూడ వెంటనే చెప్పెను. ప్రతిపక్షమును దాచకుండుటయు పండితుని మర్యాదయే.

ఆచారము మారునదైనచో ఎవరిని చూచి నేర్చుకొనవలెను? దానికి బౌధాయనుడు చెప్పిన శిష్టలక్షణము నేటికిని చదువదగినది. అసూయ లేనివారు, అహంకారము లేనివారు, ఒక కుండెడు ధాన్యముతో తృప్తిపడువారు, ఆశాపరులు కానివారు, డంబము, దర్పము, లోభము, మోహము, క్రోధము విడిచినవారు శిష్టులు. ఈ పట్టికలో గొప్ప వస్త్రము లేదు, పెద్ద యిల్లు లేదు, అధికారము లేదు. వేదాధ్యయనము కావలెనని అతడు పిమ్మట చెప్పినను, మొదట చెప్పినవి గుణములే.

తైత్తిరీయోపనిషత్తున గురువు విద్య ముగించుకొని పోవు శిష్యునకు చేసిన బోధయు ఇట్టిదే. కర్మవిషయమున గాని నడవడివిషయమున గాని సందేహము కలిగినచో, ఆలోచనాపరులు, మృదుస్వభావులు, ధర్మకాములు అగు పెద్దలు అట్టి సందర్భమున ఎట్లు వర్తింతురో చూచి అట్లే వర్తింపుమని గురువు చెప్పెను. 'మృదుస్వభావులు' అను నియమమును మరువరాదు. శాస్త్రమెంత చదివినను కఠినుడైనవాడు నడవడికి ప్రమాణము కాజాలడు. ఆ గురువే దానమును గూర్చి చెప్పుచు శ్రద్ధతో, సిగ్గుతో, భయముతో ఈయవలెనని బోధించెను. ఇచ్చువాడు సిగ్గుపడవలెనట! పుచ్చుకొనువాని తల వంగకుండుటకై ఇచ్చువాని తల వంగవలెను. లోకమర్యాదకు ఇంతకు మించిన భాష్యము దుర్లభము.

మనుస్మృతిలో దారి విడుచు నియమ మొకటి కలదు. బండిపై పోవువానికి, తొంబదియేండ్లు దాటిన వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికుమారునకు దారి ఈయవలెను. మూట మోయువాడును రాజును ఒక్క వాక్యమున కలిసియున్నారు. ప్రత్తి మార్కెట్టునకు పేరుపడిన జమ్మికుంటలో మూటలెత్తు హమాలీ ఎదురైనపుడు ప్రక్కకు తొలగు రైతు ఈ శ్లోకమును చదివియుండకపోవచ్చును. అతని కాళ్లకు అది తెలియును. గ్రంథములోని ఆచారము ఊరిలో బ్రతికియుండుట యనగా ఇదియే.

జమ్మిచెట్టు చెప్పిన పాఠము

పేరులోనే జమ్మి యున్న ఊరిని గూర్చి చెప్పుచు విరాటపర్వమును తలపక పోరాదు. పాండవులు అజ్ఞాతవాసమునకు బయలుదేరునపుడు పురోహితుడగు ధౌమ్యుడు వారికి రాజసేవా మర్యాదలను బోధించెను. అనుమతి లేక లోనికి పోరాదు. మరియొకడు కోరు ఆసనమున కూర్చుండరాదు. రాజునకు కుడివైపున గాని ఎడమవైపున గాని కూర్చుండవలెను. వెనుకచోటు ఆయుధధారులగు రక్షకులది. అడుగక సలహా చెప్పరాదు. నవ్వు వచ్చినపుడు బిగ్గరగా నవ్వరాదు, అట్లని ముఖము ముడుచుకొనియు నుండరాదు. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి ఈ ఘట్టమును తెలుగు చేసిన పిదప అది మన పెద్దలకు నీతిపాఠమైనది.

ఈ బోధ పొందినవాడెవడు? రాజసూయము చేసిన చక్రవర్తి. అన్యులచేత సేవలందుకొన్నవానికి సేవించు మర్యాద నేర్పుట విచిత్రముగా తోచును. కాని ధర్మరాజు చిన్నబుచ్చుకొనలేదు. ఆ పిమ్మట పాండవులు తమ ఆయుధములను శమీవృక్షముపై దాచి విరాటనగరము ప్రవేశించిరి. సంఘములో అడుగిడుటకు ముందు ఆయుధములను దింపవలెనని ఈ కథకు మనము అర్థము చెప్పుకొనవచ్చును. మన మాటలోని ములుకు, చూపులోని తిరస్కారము, పాండిత్యగర్వము ఇవియన్నియు ఆయుధములే. వాటిని గుమ్మము బయట చెట్టెక్కించి లోనికి పోవుటయే సభ్యత.

తెలంగాణమున విజయదశమినాడు ఈ కథ ఆచారమై నిలిచినది. సాయంకాలము జమ్మిచెట్టుకు పూజచేసి, ఆ ఆకును 'బంగారము' అని పిలిచి ఊరివారు ఒకరికొకరు ఇచ్చుకొందురు. పిన్నలు పెద్దల చేతిలో నుంచి కాళ్లు మొక్కుదురు. సమవయస్కులు అలాయ్ బలాయ్ అని కౌగిలించుకొందురు. ఏడాదిపొడవున గట్టు తగాదాతో మాటలు మానుకొన్నవారు గూడ ఆ సాయంత్రము ఆకు చేత పట్టుకొని ఎదురైనచో ముఖము తిప్పుకొనుట కష్టము. ఖరీదు లేని ఆకు అది. ఖరీదు లేనిది గనుకనే అందరును ఈయగలరు. సజ్జనుల యింట గడ్డిచాప, చోటు, నీరు, ప్రియవచనము అను నాలుగింటికి ఎన్నడును కొరవ యుండదని స్మృతి చెప్పుటలోని రహస్యము ఇదియే. అతిథిమర్యాద ధనికుల సొత్తు కాకుండుటకై శాస్త్రము దానిని గడ్డిపరకల స్థాయికి దింపినది.

రామగిరిలో ఒకే కలము

జమ్మికుంటకు ఉత్తరమున, పెద్దపల్లి దాటి మంథని వైపు పోవునపుడు రామగిరి దుర్గము కనబడును. 15వ శతాబ్ది పూర్వభాగమున ముప్పభూపాలుడు ఆ రామగిరి రాజధానిగా సబ్బినాడు నేలుచుండగా, అతని మంత్రి కందనామాత్యుడు మడికి సింగన యను కవిని ఆదరించెను. సింగన 'సకలనీతిసమ్మతము' అను గ్రంథమును కూర్చెను. తనకు ముందున్న నీతిగ్రంథములనుండి పద్యములను ఏరి, విషయక్రమమున అమర్చిన సంకలనమది. తెలుగున తొలి సంకలన గ్రంథములలో దానికి స్థానము కలదు. ఆతడు ఉదాహరించిన మూలగ్రంథములలో కొన్ని నేడు లభింపవు. సింగన ఏర్చి కూర్చినందువలననే ఆ పద్యములు మనకు మిగిలినవి. తన పేరుకంటె పూర్వుల మాటకు చోటిచ్చుట ఆ కవి పాటించిన శిష్టాచారము.

భక్తులు తలపవలసిన విశేష మొకటి యున్నది. రాజనీతిని కూర్చిన ఆ సింగనయే 'వాసిష్ఠరామాయణము'ను తెలుగున రచించెను, భాగవత దశమస్కంధమును ద్విపదలో గానము చేసెను, పద్మపురాణోత్తరఖండమును తెనిగించెను. నీతి యొకచోట, మోక్షము మరియొకచోట, భక్తి వేరొకచోట అని అతడు విడదీయలేదు.

ఆ ఐక్యమునకు ఆధారము వాసిష్ఠములోనే కలదు. మోక్షద్వారమునకు శమము, విచారము, సంతోషము, సాధుసంగము అను నలుగురు ద్వారపాలకులని వసిష్ఠుడు రామునకు బోధించెను. వారిలో నలుగురితోను గాని, ఒక్కనితోనైన గాని మైత్రి చేసినచో ద్వారము తెరువబడును. ముముక్షువు నడవడిని వివరించు ప్రకరణము చివర సదాచారనిరూపణము కలదు. జ్ఞానము, సత్పురుషుల నడవడి అను రెండును కొలనును పద్మములునువలె ఒకదాని నొకటి పెంపొందించుకొనును. రెంటిని కలిపి అభ్యసింపనివానికి రెంటిలో ఒక్కటియు సిద్ధింపదని అచట వసిష్ఠుని అభిప్రాయము. అద్వైతమును ఎంతటి దిట్టతనముతో ప్రతిపాదించు గ్రంథమో వాసిష్ఠము! జగమంతయు మనఃకల్పితమని చెప్పు ఆ గ్రంథమే నడవడిని వదలిన జ్ఞానము నిలువదని చెప్పుచున్నది. 'నేను వేదాంతిని, నాకు లోకమర్యాదతో పనిలేదు' అనువారు ఈ చోటును మరల చదువవలెను.

దశమస్కంధమున రాజసూయఘట్టము మరియొక పాఠము. ధర్మరాజు యాగమున బంధువులు తలకొక పని పంచుకొనిరి. శ్రీకృష్ణుడు వచ్చినవారి పాదములు కడుగు పనిని స్వీకరించెను. ఆ యాగముననే అగ్రపూజ ఎవరికని ప్రశ్న రాగా, ఆ పూజ ఆయనకే జరిగెను. పాదములు కడిగినవాడే ప్రథమపూజ్యుడు. కుచేలుడు ద్వారకకు వచ్చినపుడును ఆయన శయ్యనుండి లేచి యెదురేగి, స్వయముగా ఆ పేద మిత్రుని కాళ్లు కడిగెను. పరమాత్మ స్వయముగా ఆచరించి చూపిన మర్యాదలలో ఎక్కువ భాగము క్రిందికి ప్రవహించినవే.

మర్యాద పేరిట జరిగిన అమర్యాద

క్రిందికి ప్రవహింపని మర్యాద ఏమగునో ఈ నేలయే చూచినది. నిజాము పాలనలో తెలంగాణ గ్రామములందు దొరల గడులు వెలసినవి. గడి ముందు చెప్పులు తొడుగుకొని నడువరాదు. తలపాగ తీయవలెను, భుజముపై కండువ దింపవలెను. పండుముదుసలి సైతము పిన్నవాడగు దొరకుమారుని ఎదుట 'నీ బాంచెను, కాల్మొక్కుత' అనవలెను. ప్రతిగా ఆ పిన్నవాడు ముదుసలిని 'ఏరా' అని పిలుచును. వెట్టిచాకిరి చేసినవానికి కూలి లేదు, మాట మన్ననయు లేదు. ఆనాడు దీనికి గూడ 'మర్యాద' అనియే పేరు. తప్పినవానిని 'మర్యాద తెలియనివాడు' అనిరి.

నమస్కారమను ఒకే క్రియ రెండు విధముల నుండుటను ఇచట చూచుచున్నాము. పెద్దలకు నమస్కరించు అలవాటు గలవానికి ఆయువు, విద్య, యశస్సు, బలము పెరుగునని మనువు చెప్పెను. అనగా వంగినవాడు పెరుగవలెను. గడి ముందు వంగినవాడు ప్రతిదినము కొంత తరిగిపోయెను. చేతులు జోడించుట రెండుచోట్లను ఒక్కటియే. ఫలము మాత్రము పరస్పరవిరుద్ధము. నమస్కారము సత్యమా, దాస్యమా అని తెలిసికొనుటకు ఇదియే పరీక్ష: నమస్కరించినవాడు దానివలన పెరుగుచున్నాడా, తరుగుచున్నాడా?

1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధపోరాటమున భూమితో పాటు ఈ పిలుపుల బాధయు ఒక కారణము. పిమ్మటను ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. 1978 సెప్టెంబరు 7న అప్పటి కరీంనగరు జిల్లాలోని జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపుగా కదలిరి. దానికి జగిత్యాల జైత్రయాత్ర యని పేరు వచ్చెను. వారి మార్గముతో ఏకీభవించువారును, ఏకీభవింపనివారును ఉందురు. కాని మనుష్యుని మనుష్యునిగా పిలువుమని వారు కోరిన కోరిక శిష్టాచారమునకు విరుద్ధము కాదు, అది శిష్టాచారపు మూలమే.

ధర్మాభిమానులమగు మనము ఒక కఠినసత్యమును ఒప్పుకొనవలెను. గడియొక్క అమర్యాదకు దొరతనము మాత్రమే కారణము కాదు. అంటరానితనమును సదాచారమని పిలిచి, దూరముగా నిలుపుటను శుచియని పిలిచి, శాస్త్రము పేరు చెప్పి నడపినవారు మనలోను ఉండిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. గీతాచార్యుడు అంతకు ఎంతో పూర్వమే చెప్పినదేమి? విద్యావినయసంపన్నుని యందును, సమాజము అధమునిగా నెంచువాని యందును పండితులు సమదృష్టి కలిగియుందురని. ఆ వాక్యమున విద్యకు ప్రక్కనే వినయము నిలిచియున్నది. సమదృష్టి లేనివానికి పండితుడను పేరు చెల్లదని భగవానుని అభిప్రాయము. సోమదేవుని సూత్రమును ఇచట మరల పట్టి చూడుడు. ఏ లోకాచారము మన సమదృష్టికి హాని చేయుచున్నదో, ఆ ఆచారము లోకసమ్మతమైనను సాధకునకు ప్రమాణము కాదు.

సాధకుని నిత్యజీవితమున

ఇంతవరకు చూచిన చరిత్రనుండి నేటి సాధకుడు తన నడవడిని కొలుచుకొనుటకు మూడు ప్రశ్నలు గ్రహింపవచ్చును. నా మర్యాద నాకంటె బలవంతుని వైపు మాత్రమే పోవుచున్నదా, నాకంటె దుర్బలుని వైపును పోవుచున్నదా? నా మర్యాద పొందినవాడు తేలికపడుచున్నాడా, కుంచించుకొనుచున్నాడా? చూచువారెవరును లేనపుడు ఆ మర్యాద మిగులుచున్నదా?

ఈ ప్రశ్నలు గుడి వరుసలో, రైలుపెట్టెలో, భోజనపంక్తిలో, యింటి వంటగదిలో ప్రతిదినము ఎదురగును. దర్శనపు వరుసలో ముదుసలిని ముందుకు పంపుట, పనిచేయ వచ్చినవారిని పేరుపెట్టి, వరుసపెట్టి పిలుచుట, వడ్డించినవారు తినిరా అని అడుగుట, తగవులో సత్యమును చెప్పునపుడు గాయము చేయని మాటను వెదకుట. సత్యము పలుకుము, ప్రియము పలుకుము, ప్రియమైన అసత్యము పలుకకుము అను స్మృతిబోధ ఇంటిలోనే మొదట పరీక్షింపబడును. బయట సభలో మధురముగా మాటలాడి ఇంట కసురుకొనువాని సభ్యత వేషము మాత్రమే.

మన ఊళ్లలో ఇంటనుండి వెడలునపుడు 'పోత' అనరు, 'పోయొస్త' అందురు. ఊరిలో రక్తబంధము లేనివారిని సైతము అన్న, అక్క, అవ్వ, కాక అని వరుసతో పిలుతురు. ఇంటికి వచ్చినవారికి మాటకంటె ముందు చెంబుతో నీళ్లిత్తురు. ఈ చిన్న ఆచారములకు వ్యాఖ్యానము వ్రాసినవారు లేరు. కాని 'పోయొస్త' అనువాడు తన రాకను ఎదురుచూచువారున్నారని ఒప్పుకొనుచున్నాడు. వరుస కలిపి పిలుచువాడు ఎదుటివానిని తనవానిగా చేసికొనుచున్నాడు. నీళ్లిచ్చువాడు వచ్చినవాని దప్పికను తన పనికంటె ముందుంచుచున్నాడు. వసిష్ఠుడు చెప్పిన నలుగురు ద్వారపాలకులలో సాధుసంగమునకు ఈ చెంబెడు నీళ్లే తొలిమెట్టు.

సముద్రమునకు చెలియలికట్టను ఎవరును కట్టలేదు. అది తనంతట తానే అచట ఆగుచున్నది. సాధకుని మర్యాదయు అట్లే బయటి భయము వలన కాక లోపలి నిండుతనము వలన నిలువవలెను. రానున్న విజయదశమికి జమ్మి ఆకు చేత పట్టునపుడు, ఇంతవరకు మన గుమ్మము తొక్కనివారి యింటికి మొదట పోవుదము.